పడవలోనే పెట్రోలు పోయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

అయ్యా,

కార్తీక మాసం వస్తోంది. మన విజయవాడలో పున్నమి ఘాట్ నుంచి పవిత్ర సంగమం దాకా, అటు సీతానగరం, ఉండవల్లి వైపు కరకట్ట పొడవునా కృష్ణ ఒడ్డు మళ్లీ జనంతో నిండిపోతుంది. భవానీ ద్వీపానికి వెళ్లేవాళ్లు, వనభోజనాలకు వచ్చేవాళ్లు, దీపాలు వదిలేవాళ్లు, వీళ్లందరితో ఆ నెల్లాళ్లూ రేవులకు ఊపిరాడదు. ఒడ్డున సొంత జెట్టీలున్న గెస్ట్ హౌసుల వాళ్లు, తోటల వాళ్లు బోట్లకు రంగులేయించుకుని, ఇంజన్లు చూసి పెట్టమని నాకు ఫోన్లు చేస్తున్నారు. ఫోను చేసిన ప్రతివాళ్లకీ ఒకే మాట చెబుతున్నాను, పడవలో ఉంచి పెట్రోలు పోయకండి అని. ఇలా ఒక్కొక్కరికీ చెబితే ఎంతమందికి చేరుతుంది అనిపించి మీ పత్రికకు రాస్తున్నాను.

నేను భవానీపురంలో ఉంటాను. కుర్రతనంలో ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల షెడ్డులో పని నేర్చుకున్నాను. తర్వాత బోటు ఇంజన్ల వైపు వచ్చాను. ఔట్‌బోర్డు ఇంజను అంటే పడవ వెనక చెక్కకు తగిలించే ఇంజను. వాటిని విప్పడంలో, బిగించడంలో 30 ఏళ్లు గడిచిపోయాయి. చేపలు పట్టేవాళ్ల నాటు పడవలు, లంకల్లో అరటి తోటలకు కూలీలను దాటించే పడవలు, ఈమధ్య కొత్తగా వచ్చిన ఫైబర్ స్పీడు బోట్లు, అన్నీ నా చేతి కిందికి వస్తూనే ఉంటాయి. నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. తప్పు నాది కూడా ఉంది కాబట్టి అదీ రాస్తున్నాను.

పోయిన ఏడు కార్తీక పౌర్ణమికి ముందు రోజు సాయంత్రం. ఒక ప్రైవేటు జెట్టీ. అది ఎవరిదో చెప్పను. ఆ రోజు అక్కడ ఎలా పోశారో దాదాపు అన్ని రేవుల్లోనూ అలాగే పోస్తున్నారు, కాబట్టి ఒక్కరి పేరు చెప్పి లాభం లేదు. అక్కడి ఫైబర్ బోటుకు 40 హార్స్‌పవర్ ఇంజను బిగించింది నేనే. దాన్ని నడిపేది మా అక్క కొడుకు. వాడికి అప్పటికి 23 ఏళ్లు. ఆ పనిలో పెట్టించింది కూడా నేనే.

నేను మెట్ల మీద కూర్చుని ఇంకో ఇంజను ప్లగ్గులు శుభ్రం చేస్తున్నాను. యజమాని గారి చుట్టాలు కార్లలో దిగారు. చీకటి పడేలోపు ఒక రౌండు తిప్పి తీసుకురమ్మన్నారు. మావాడు తెల్లటి వంటనూనె క్యాను భుజాన పెట్టుకుని బోటులోకి దిగాడు. ట్యాంకు వెనక సీటు కింద ఉంటుంది. ఎర్ర ప్లాస్టిక్‌ది, 25 లీటర్లు పడుతుంది. గొట్టం ఊడదీసి దాన్ని పైకి తేవడం ఎందుకులే అని అక్కడే మూత తిప్పి గరాటు పెట్టాడు. అప్పటికే ఇద్దరు ముందు సీటులో కూర్చున్నారు. వాళ్లలో ఒకరు లేచి ఫోటో కోసం ఇటు తిరిగారు. బోటు ఊగింది. గరాటు పక్కకి వాలింది. ఎంత ఒలికిందో నేను కళ్లారా చూశాను. ఒక గ్లాసుడు, మహా అయితే రెండు గ్లాసులు.

మావాడు గుడ్డ తీసి తుడిచాడు. ఆ గుడ్డ సీటు కిందే పడేశాడు. మూత బిగించాడు, గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బు నాలుగు సార్లు నొక్కాడు, బ్యాటరీకి క్లిప్పు తగిలించబోయాడు. ఆ క్లిప్పు వదులుగా ఉందని వారం ముందే నాకు చెప్పాడు. రేపు చూద్దాంలేరా అన్నాను. ఆ రేపు రాలేదు.

క్లిప్పు తగిలిన చోట చిన్న మెరుపు. తర్వాత వచ్చింది పేలుడు లాంటి పెద్ద శబ్దమేమీ కాదు. తడి దుప్పటి గట్టిగా దులిపితే ఎలాంటి చప్పుడు వస్తుందో అంతే. బోటు అడుగంతా ఒక్కసారిగా నీలంగా వెలిగింది, ఆ వెంటనే పసుపు మంట మోకాళ్ల ఎత్తున లేచింది. మావాడు వెనక్కి నీళ్లలోకి పడ్డాడు. ముందు కూర్చున్న ఇద్దరూ దూకేశారు. లైఫ్ జాకెట్లు వేసుకున్నారు కాబట్టి తేలారు. వాళ్లకు ఒంటి మీద గీత పడలేదు, అదొక్కటే ఆ రోజు దక్కిన అదృష్టం.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి బకెట్‌తో ఏటి నీళ్లు తోడి బోటులోకి కొట్టాడు. అతని తప్పేం లేదు, మంట అంటే ఎవరైనా నీళ్లే పోస్తారు. కానీ పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది. బోటు అడుగున ఉన్న మంట ఆ నీళ్లెక్కి చెక్క అంచు దాటి, జెట్టీకి కట్టిన పాత టైర్లకు అంటుకుంది. మంటలార్పే సిలిండరు ఎక్కడ అని అరిచాను. ఆఫీసు గదిలో గోడకు ఉంది. జెట్టీ నుంచి ఆ గదికి 100 అడుగుల పైనే. అది తెచ్చేలోపు నేను గెడ కర్రతో బోటును రేవుకు దూరంగా నెట్టి పట్టుకున్నాను. పక్కన ఇంకో రెండు బోట్లు కట్టి ఉన్నాయి. అవి అంటుకుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ట్యాంకు మూత గట్టిగా బిగించి ఉండబట్టి బతికిపోయాం. పౌడరు కొట్టాక రెండు నిమిషాల్లో మంట ఆగింది. బోటు వెనక భాగం కాలిపోయింది.

మావాడిని పైకి లాగేసరికి రెండు చేతులూ మోచేతుల దాకా, కాళ్లు పిక్కల దాకా ఎర్రగా పొంగి ఉన్నాయి. కనుబొమ్మలు లేవు. ఎవరో మంచి మనసుతోనే టూత్‌పేస్ట్ తెచ్చి పూశారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు గారు ముందు ఆ పేస్టంతా గీకి తీయాల్సి వచ్చింది. కాలిన వెంటనే చల్లటి మంచినీళ్లు 20 నిమిషాలు ధారగా పోస్తే చాలు, పేస్టు, ఇంకు, పసుపు, వెన్న ఏవీ పూయకూడదు అని ఆవిడ చెప్పారు. గీకుతున్నప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని "మావయ్యా, నేను తుడిచాను కదా" అన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాడు. వాడి దృష్టిలో వాడు ఏ తప్పూ చెయ్యలేదు. ఒలికింది, తుడిచాడు. అంతకు మించి ఎవరూ వాడికి చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే నేనూ అన్నేళ్లూ అలాగే పోశాను.

అసలు సంగతి ఆ తుడవడంలోనే ఉంది. పెట్రోలు కాలదు, దాని ఆవిరి కాలుతుంది. ఆ ఆవిరి మామూలు గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి దానిలోంచి లేస్తుంది, ఇక మన విజయవాడ ఎండల్లో చెప్పేదేముంది. గాలిలో ఒకటిన్నర శాతం ఆవిరి కలిస్తే చాలు, ఒక్క రవ్వతో మండిపోతుంది. కారులో పోసేటప్పుడు నాలుగు చుక్కలు కింద పడితే రోడ్డు మీద గాలికి పోతుంది. బోటు అలా కాదు. బోటు అంటే ఒక పెద్ద గంగాళం. దానికి అడుగున కన్నం ఉండదు, ఉంటే మునిగిపోతుంది. నీళ్లు లోపలికి రాకుండా కట్టిన ఆ గోడలే ఆవిరిని బయటికి పోనివ్వవు. గుడ్డతో తుడిస్తే తడి పోతుంది, ఆవిరి సీటు కింద, పలకల కింద, బ్యాటరీ పెట్టె చుట్టూ అలాగే కూర్చుంటుంది. పైన నిలబడ్డవాడి ముక్కుకి వాసన కూడా సరిగ్గా తగలదు. తుడిచిన గుడ్డ కూడా అక్కడే ఉంటే అది మళ్లీ ఆవిరి వదులుతూనే ఉంటుంది.

వంటగదిలో గ్యాస్ లీకైతే ఏం చెయ్యాలో మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు. లైటు స్విచ్ వెయ్యకూడదు, ఫ్యాను వెయ్యకూడదు, తలుపులు తెరిచి గ్యాసు బయటికి పోనివ్వాలి. గ్యాసు కూడా గాలి కంటే బరువే, నేల మీదే పరుచుకుంటుంది. బోటులో పెట్రోలు ఒలికిందంటే అదే వంటిల్లు, అదే గ్యాసు. మా ఆవిడకు ఈ సంగతి చెబితే, "ఇంత తెలిసీ బ్యాటరీ పక్కన పోస్తారా" అంది. సమాధానం చెప్పలేకపోయాను.

అందుకని నేను ఇప్పుడు అందరికీ చెప్పేది మొదట ఇదే. ట్యాంకును బోటులోంచి తీయండి. ఔట్‌బోర్డు ఇంజన్ల ట్యాంకులను అలా తీయడానికి వీలుగానే చేశారు, గొట్టం ఒక్క నొక్కుతో ఊడొస్తుంది. దాన్ని ఒడ్డు మీదకు, గాలి ఆడే చోటికి తెచ్చి నేల మీద పెట్టి పోయండి. బోటులో ఒలికితే ప్రమాదం, గట్టు మీద ఒలికితే గాలికి పోతుంది. అంతే తేడా, కానీ మావాడి రెండు చేతుల విలువైన తేడా. నిండిన ట్యాంకు 20 కిలోల దాకా తూగుతుంది, ఒక్కడు ఎత్తుకుని ఊగే బోటులోకి దిగితే జారతాడు. కాబట్టి ఇద్దరుండాలి. ఒకడు కింద అందుకోవాలి.

ట్యాంకు తీయడానికి వీల్లేని బోట్లు కూడా ఇప్పుడు ఒకటీ అరా వస్తున్నాయి, ఇంజను లోపలే, ట్యాంకు లోపలే. వాటికి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బోటును ముందూ వెనకా మోకులతో బిగించి కట్టాలి. ఇంజను ఆపాలి, బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపాలి, టీ కాచుకునే స్టవ్వు ఉంటే అదీ ఆపాలి. లోపలి గది తలుపులు, కిటికీలు మూయాలి, ఆవిరి లోపలికి దూరకుండా. పోసేటప్పుడు పైపు ముక్కు ట్యాంకు మూతి అంచుకు తగిలే ఉండాలి. పెట్రోలు పారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది, లోహానికి లోహం తగిలి ఉంటే అది రవ్వగా ఎగరకుండా దిగిపోతుంది. పోయడం అయ్యాక మూసిన తలుపులన్నీ తెరిచి, ఇంజను గదిలో గాలిని బయటికి తోసే ఫ్యానును కనీసం నాలుగైదు నిమిషాలు తిరగనివ్వాలి. ఆ తర్వాత కూడా ఫ్యానును నమ్మి ఊరుకోవద్దు. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఇంజను గది అడుగున ముక్కు పెట్టి వాసన చూడాలి. వాసన లేదు అనుకున్నాకే తాళం తిప్పాలి.

ఏ బోటుకైనా సరే, పోసేటప్పుడు లోపల ఒక్క మనిషి కూడా ఉండకూడదు. ఇది చెబితేనే యజమానులు మొహం చిట్లిస్తారు. చుట్టాలను దించడం మర్యాద కాదంటారు. దింపండి సార్. పిల్లలను చెయ్యి పట్టుకుని దింపండి. పది నిమిషాలు మెట్ల మీద నిలబెట్టండి.

నిండుగా పోయడం ఇంకో అలవాటు. మూతి దాకా పోస్తే గానీ తృప్తి ఉండదు మనవాళ్లకి. పెట్రోలు వేడికి పొంగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు 25 లీటర్ల ట్యాంకు అంచు దాకా నింపి మధ్యాహ్నం ఎండలో వదిలేస్తే, 20 డిగ్రీల తేడాకి దాదాపు అర లీటరు ఎక్కువవుతుంది. ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి? మూత సందులోంచి కారుతుంది, లేదంటే ట్యాంకు పొట్ట ఉబ్బుతుంది. పదో వంతు ఖాళీ వదిలితే ఈ గొడవే లేదు. ఉబ్బిన ట్యాంకు మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, మూత మీదుండే గాలి మర (స్క్రూ) మెల్లగా వదులు చేసి, బుస్సుమనడం ఆగాకే మూత తిప్పాలి. టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోలులో నూనె కలిపేవాళ్లు ఆ కలపడం కూడా బోటులోనే చేస్తుంటారు. 25 లీటర్లకు అర లీటరు టూటీ ఆయిల్ కొలిచి ఒడ్డునే కలుపుకుని తీసుకెళ్లొచ్చు.

క్యాన్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అసలు జబ్బు అక్కడే ఉంది. ఏటి ఒడ్డున బంకులు లేవు. బోటు బంకు దగ్గరికి వెళ్లలేదు, పెట్రోలే బోటు దగ్గరికి రావాలి. బంకుల్లోనేమో ప్లాస్టిక్ క్యాన్లలో పోయడం కుదరదంటారు. వాళ్లు అనడం న్యాయమే. దాంతో మనవాళ్లు బైకు ట్యాంకు నింపించుకుని వచ్చి, సన్న పైపు పెట్టి నోటితో లాగి క్యానులోకి దింపుతారు. ఇది నేను వారానికి ఒక్కసారైనా చూస్తాను. నోట్లోకి వచ్చిన పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా లాంటిది వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. అలా ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, చేయిస్తే మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 లీటర్ల వరకు పెట్రోలు లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవచ్చు. కానీ 2002 నిబంధనల ప్రకారం ఒక లీటరు దాటితే అనుమతి పొందిన రకం డబ్బాలోనే ఉండాలి. వంటనూనె క్యాను ఆ లెక్కలోకి రాదు. పెట్రోలుకు ఆ ప్లాస్టిక్ కొన్నాళ్లకు మెత్తబడుతుంది, మూత దగ్గర చీలుతుంది, ఎండలో పొంగుతుంది. ఎవరైనా దాహానికి తాగే ప్రమాదం కూడా ఉంది, చూడ్డానికి నీళ్ల క్యాను లాగే ఉంటుంది మరి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఏ డబ్బానైనా బైకు మీదో, ఆటోలోనో ఉంచి నింపించకండి. కింద నేల మీద పెట్టి నింపించండి. రబ్బరు మ్యాటు మీద, ప్లాస్టిక్ షీటు మీద ఉన్న డబ్బాలో పుట్టిన స్థిర విద్యుత్తుకు దిగిపోయే దారి ఉండదు.

దీనికి దారి ఒకటి ఉందని నా అభిప్రాయం. బోటు రిజిస్ట్రేషను, డ్రైవరు లైసెన్సు ఉన్నవాళ్లు అనుమతి పొందిన డబ్బా తీసుకెళ్తే ఫలానా బంకుల్లో పోస్తారు అని అధికారులు తేల్చి చెప్పాలి. ఆ డబ్బాలు దొరికే ఏర్పాటు కూడా చెయ్యాలి. నిజాయితీగా కొనే దారి లేకపోతే జనం దొడ్డిదారిన కొంటారు, దొడ్డిదారిన తెచ్చిన సరుకును ఆదరాబాదరాగా చీకట్లో పోస్తారు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

2017 నవంబరు 12న ఇదే కార్తీక మాసంలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. ఆ రాత్రి మా వాడకట్టులో ఎవరూ అన్నం తినలేదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది. ఆ తర్వాత లైఫ్ జాకెట్ల మీద పట్టుదల వచ్చింది. మంచిదే, ఆ రోజు ఆ ఇద్దరినీ కాపాడింది ఆ జాకెట్లే. కానీ నేను చూసిన తనిఖీల్లో జాకెట్లు లెక్కపెట్టారు, ఎంతమంది ఎక్కొచ్చో బోర్డు మీద రాశారా అని చూశారు, వెళ్లిపోయారు. సీటు కిందికి వంగి ట్యాంకు ఎలా ఉంది, గొట్టం పగిలిందా, బ్యాటరీ క్లిప్పు గట్టిగా ఉందా, సిలిండరు జెట్టీ మీద ఉందా అని అడిగినవాళ్లను నేను చూడలేదు. ప్రైవేటు రేవులకైతే ఆ మాత్రం తనిఖీ కూడా ఉన్నట్టు నాకు కనపడలేదు. 2021లో దేశం మొత్తానికి కొత్త జల రవాణా చట్టం వచ్చింది, 1917 నాటి పాతది పోయింది. చట్టం కొత్తదే గానీ మా రేవుల్లో గరాటు పాతదే.

2023 నవంబరులో విశాఖ ఫిషింగ్ హార్బరులో రాత్రికి రాత్రి 30కి పైగా బోట్లు కాలిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అక్కడ కారణం ఏదైనా, మంట పాకిన తీరు మాత్రం మనం చూసుకోవాలి. బోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టి ఉన్నాయి, లోపల ఇంధనం ఉంది, వంట గ్యాసు సిలిండర్లు ఉన్నాయి. పున్నమి ఘాట్ చుట్టుపక్కల, ఆదివారం సాయంత్రాలు బోట్లు ఎలా కట్టి ఉంటాయో ఒకసారి వెళ్లి చూడండి. నేను గెడ కర్రతో బోటును నెట్టింది ఆ హార్బరు ఫోటోలు కళ్ల ముందు మెదిలే.

ఈ మాసంలో ఇంకో సంగతి ఉంది. దీపాలు. అరటి దొప్పలో ఒత్తి వెలిగించి నీళ్లలో వదిలితే గాలి ఎటుంటే అటు పోతుంది. మా అమ్మ కూడా వదిలేది, మా ఇంట్లో ఇప్పటికీ వదులుతారు. ఆ దీపం ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేరు కాబట్టి, పెట్రోలు పోసేవాడే జాగ్రత్తగా ఉండాలి. దీపాలు వదిలే వేళకు రెండు గంటల ముందే, పగటి వెలుతురులోనే పెట్రోలు పని ముగించుకోవాలి. నీళ్ల మీద పెట్రోలు తెట్టు రంగురంగులుగా మెరుస్తుంటే ఆ రేవులో దీపం వదలనివ్వకండి, నాలుగు గజాలు పక్కకి పంపండి. చీకట్లో ఫోను లైటు పట్టుకుని పోయడమంటారా, ఎక్కడ ఒలికిందో కనపడదు, ఒక చెయ్యి ఖాళీగా ఉండదు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

తెట్టు అన్నాను కాబట్టి తాగే నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ప్రకాశం బ్యారేజీకి పైన నిలిచే ఆ నీళ్లే మన ఊరు తాగే నీళ్లు. గేట్లు మూసి ఉన్న రోజుల్లో ఆ నీళ్లు కదలనట్టే ఉంటాయి. ఇక్కడ ఒలికింది అక్కడే తిరుగుతుంది, లేదంటే కాలవల్లోకి దిగి పొలాలకు పోతుంది. ఒలికిన చోట బట్టలుతికే పొడో, గిన్నెలు తోమే లిక్విడో చల్లి తెట్టు మాయమైందని సంతోషపడేవాళ్లను చూశాను. అది మాయం కాదు, ముక్కలు ముక్కలై నీళ్ల లోపలికి దిగుతుంది, చేపలకు ఇంకా చేటు. పొడి కాటన్ వేస్ట్ అద్ది తీయాలి. ఆ కాటన్‌ను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి బోటుకు దూరంగా పెట్టాలి. ఆటోనగర్‌లో కిలోల లెక్కన దొరుకుతుంది, ఖరీదేమీ కాదు. పోసేముందే ట్యాంకు మూతి చుట్టూ కొంచెం చుట్టి పెట్టుకుంటే నీళ్లలోకి చుక్క కూడా పడదు.

మంటలార్పే సిలిండరు సంగతి మాత్రం ఒక్క మాటలో చెబుతాను. పెట్రోలు మంటకు పనికొచ్చే పౌడరు సిలిండరో, నురగ సిలిండరో జెట్టీ మీద, పెట్రోలు పోసే చోటికి పది అడుగుల్లో ఉండాలి. పక్కనే ఇసుక బకెట్లు రెండు. గడువు తేదీ చూసుకోవాలి. వాచ్‌మన్‌తో ఒకసారి పిన్ను లాగించి చూపించాలి.

2024 సెప్టెంబరు వరదల్లో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వచ్చినప్పుడు, తాళ్లు తెంచుకుని వచ్చిన బోట్లు గేట్లకు గుద్దుకున్నాయి. అదే రోజుల్లో బుడమేరు నీళ్లలో మునిగిన సింగ్ నగర్ వీధుల్లో మా బోట్లే జనాన్ని మోశాయి. ఫ్లైఓవర్ దగ్గర వరసగా బోట్లు, పాలు, నీళ్లు, పసిపిల్లలను ఎత్తుకున్న తల్లులు, ఆ మధ్యలోనే క్యాన్లతో పెట్రోలు పోశాం. జనం బోటులో ఉండగానే పోశాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్లే మాకు ధైర్యం వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఇన్నేళ్లు ఇలాగే పోశాం కదా, ఏమైంది అనే మాట రోజూ వింటున్నాను. నేనూ ఆ మాట అన్నవాడినే.

మావాడు రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. ఎడమ చేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. సంక్రాంతి వెళ్లాక ఇంకో యజమాని దగ్గర, మళ్లీ బోటు మీదికే వెళ్లాడు. వద్దురా అని మా అక్క ఏడ్చింది. ఆ కొత్త చోట పని ఒప్పుకునేముందు వాడు అడిగినవి రెండే. ఒడ్డు మీద నాలుగడుగుల సిమెంటు గట్టు, జెట్టీ స్తంభానికి ఒక సిలిండరు. యజమాని ఒప్పుకున్నారు. గట్టు నేనే కట్టించాను, మూడు బస్తాల సిమెంటు అయింది. పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్లాను. ట్యాంకు గట్టు మీద పెట్టి, చుట్టూ కాటన్ అద్ది, పోసి, మూత బిగించి, వాడొక్కడే బోటులోకి దిగి సీటు కింద వంగి వాసన చూశాడు. మెట్ల మీద నిలబడ్డ ఒక పెద్దాయన "ఎంతసేపు బాబూ" అని విసుక్కున్నారు. వాడు చొక్కా చేతులు పైకి మడిచి, "ఇంకో అయిదు నిమిషాలు బాబాయ్ గారూ" అన్నాడు. ఆయన ఆ చేతుల వంక చూసి ఇంకేమీ అనలేదు.

కృష్ణకు ఇటూ అటూ సొంత రేవులున్న ఏ యజమాని అయినా, లంకల్లోకి పడవ నడిపే ఏ రైతు అయినా పిలిస్తే, ఒక పూట వచ్చి మీ పనివాళ్లకు ఇదంతా చేసి చూపిస్తాను. డబ్బులు వద్దు. కార్తీకం మొదలయ్యేలోపు పిలవండి. రేవులో ఎవరినడిగినా నా షెడ్డు చూపిస్తారు.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
భవానీపురం, విజయవాడ.